ముందు తనిఖీ, తర్వాతే సందేశం: ఒంటరి ఫోటాన్ల మీద వెళ్లే మాట ఎంత గుట్టు?

1984 డిసెంబరులో బెంగళూరులో జరిగిన ఒక అంతర్జాతీయ సదస్సులో చార్లెస్ బెనెట్, గిల్ బ్రాసార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక చిన్న పత్రం సమర్పించారు. వెలుతురులోని అతి చిన్న రేణువైన ఫోటాన్‌ను ఒక్కొక్కటిగా పంపి, ఇద్దరు వ్యక్తులు తమ మధ్య ఒక రహస్య సంఖ్యను, అంటే సందేశానికి తాళం వేసే కీని, మూడోవాడికి తెలియకుండా ఎలా పంచుకోవచ్చో అందులో వివరించారు. బీబీ84 అని పేరుపడిన ఆ పద్ధతే ఈనాడు క్వాంటమ్ భద్రత పేరుతో అమ్ముడవుతున్న పరికరాలలో చాలావాటికి మూలం. అందులో ఫోటాన్ల మీద వెళ్లేది కీ మాత్రమే. అసలు సందేశం ఆ కీతో తాళం వేయించుకొని మామూలు లైను మీదే వెళ్తుంది. ఇంత చుట్టుతిరుగుడు ఎందుకు, సందేశాన్నే నేరుగా ఫోటాన్ల మీద ఎక్కించి పంపరాదా అన్న ఆలోచన 2000 సంవత్సరం నుంచి బలపడింది. చైనాలోని చింగ్‌హువా విశ్వవిద్యాలయానికి చెందిన గుయ్‌లూ లాంగ్ బృందం ఇందులో ముందు నిలిచింది. ఒకదానితో ఒకటి ముడిపడిన జంట ఫోటాన్ల అవసరం లేకుండా, ఒంటరి ఫోటాన్లతోనే ఆ పని జరిగే పద్ధతిని 2004లో ఫూగువో డెంగ్, లాంగ్ కలిసి ప్రతిపాదించారు. దానిని డీఎల్04 అంటున్నారు.

ఈ నేరు సంభాషణ గురించి వచ్చే వార్తల్లో "ఎవరూ ఛేదించలేనిది" అన్న విశేషణం దాదాపు ప్రతిసారీ కనిపిస్తుంది. దాని వెనుక ఉన్న భౌతిక సూత్రాన్ని శంకించవలసిన పని లేదు. కానీ కీ పంచుకోవడంలో లేని ఒక చిక్కు నేరుగా సందేశం పంపడంలో ఉంది. పొంచి వినేవాడు పట్టుబడితే, అప్పటిదాకా పోగైన కీని పారేసి కొత్తది తెచ్చుకోవచ్చు. కీలో అర్థం ఏమీ ఉండదు కనుక పోయిందీ ఏమీ లేదు. సందేశం సంగతి అలా కాదు. వాడు ఉన్నాడని తెలిసేలోగా వాడి చేతికి చిక్కిన అక్షరాలను వెనక్కి రప్పించే శాస్త్రం ఏదీ లేదు. కాబట్టి ఈ పద్ధతిని అంచనా వేయవలసినవారు దొంగ దొరుకుతాడా అని అడిగి ఊరుకుంటే చాలదు, దొరికేలోగా ఎంత పట్టుకుపోతాడో కూడా అడగాలి.

ఇది నల్లగొండ, పాలమూరు పాఠకులకు సంబంధం లేని విషయంగా తోచవచ్చు. కానీ మిషన్ భగీరథ మంచినీటి పైపుల వెంట టీ-ఫైబర్ ఇంటర్నెట్ తీగలు ఇప్పటికే మన మండలాల గుండా సాగిపోయాయి. కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్ 19న రూ.6,003.65 కోట్లతో ఆమోదించిన జాతీయ క్వాంటమ్ మిషన్, 2030-31 నాటికి నగరాల మధ్య 2,000 కిలోమీటర్ల మేర క్వాంటమ్ కీ పంపిణీ జరగాలని లక్ష్యంగా పెట్టుకుంది. హైదరాబాదులోనే 2020 డిసెంబరులో రక్షణ పరిశోధన సంస్థ తన డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ ప్రయోగశాలల మధ్య 12 కిలోమీటర్ల దూరానికి, 10 డెసిబెల్ నష్టానికి (అంటే పది ఫోటాన్లలో ఒక్కటే చేరేంత నష్టానికి) క్వాంటమ్ కీ పంపిణీని పరీక్షించింది. 2022లో ప్రయాగ్‌రాజ్, వింధ్యాచల్ మధ్య అదే సంస్థ ఐఐటీ ఢిల్లీతో కలిసి వంద కిలోమీటర్లు దాటింది. హైదరాబాదు నుంచి నల్లగొండకైనా, మహబూబ్‌నగర్‌కైనా దూరం కూడా అటూ ఇటుగా వందే. రేపు ఎవరైనా జిల్లా కేంద్రానికి క్వాంటమ్ లైను వేస్తామని ముందుకు వస్తే, లెక్క వేయవలసింది ఈ వంద కిలోమీటర్లకే. అందుకే ఈ వ్యాసంలో ఆ దారినే కొలబద్దగా తీసుకుంటున్నాను.

నల్లగొండలోని ఒక కార్యాలయం హైదరాబాదుకు రహస్య సందేశం పంపాలనుకుందాం. డీఎల్04 పద్ధతిలో మొదట కదిలేది సందేశం అందుకోవలసిన హైదరాబాదే. అక్కడివారు ఒక్కొక్క ఫోటాన్‌ను నాలుగు దిశలలో ఏదో ఒకదానిలో ఉంచి పంపుతారు: అడ్డం, నిలువు, కుడి ఏటవాలు, ఎడమ ఏటవాలు. దేనిని ఏ దిశలో ఉంచారో తమ దగ్గర రాసిపెట్టుకుంటారు, ఎవరికీ చెప్పరు. ఫోటాన్లు గుంపుగా నల్లగొండ చేరాక, ఇక్కడివారు వాటిలో కొన్నింటిని లాటరీ తీసినట్టు ఎంచి, తమకు తోచిన దిశలో కొలిచి, ఆ ఫలితాలను మామూలు ఫోను మీదే హైదరాబాదుకు చెబుతారు. తాము పంపినదానితో అక్కడివారు సరిచూస్తారు. తప్పుల శాతం హద్దులో ఉంటేనే రెండో అంకం మొదలవుతుంది. మిగిలిన ఫోటాన్లలో, సున్నా పంపదలచినచోట ఫోటాన్‌ను ముట్టుకోకుండా, ఒకటి పంపదలచినచోట దాని దిశను తొంభై డిగ్రీలు తిప్పి, వెనక్కి హైదరాబాదుకు పంపుతారు. తొంభై డిగ్రీలు తిరిగితే అడ్డం నిలువవుతుంది, కుడి ఏటవాలు ఎడమ ఏటవాలవుతుంది. మొదట ఏ దిశలో పంపారో హైదరాబాదుకు తెలుసు కనుక, అదే దిశలో కొలిచి, తిరిగిందా లేదా అన్నది తప్పు లేకుండా చదువుకుంటారు.

నార్కట్‌పల్లి దగ్గర తీగ మీద చెయ్యి వేసినవాడి సంగతి చూడండి. వెనక్కి వస్తున్న ఫోటాన్‌ను పట్టుకున్నా, అది మొదట ఏ దిశలో బయలుదేరిందో తెలియకపోతే తిరిగిందో తిరగలేదో చెప్పే మార్గం లేదు. వాడి కంటికి సున్నా, ఒకటి రెండూ ఒకేలా కనిపిస్తాయి. సందేశమంత పొడవుండి, ఒక్కసారి మాత్రమే వాడి పారేసే కీతో వేసిన తాళాన్ని ఎంత పెద్ద యంత్రమైనా తీయలేదని క్లాడ్ షానన్ 1949లో గణితపరంగా నిరూపించాడు. ఇక్కడ ఫోటాన్ తొలి దిశే ఆ కీ. మొదటి అంకంలోనే ఫోటాన్లకు నకళ్లు తీసి పెట్టుకుందామంటే, తెలియని క్వాంటమ్ స్థితికి నకలు తీయడం అసాధ్యమని వూటర్స్, జురెక్ ఒకవైపు, డీక్స్ మరొకవైపు 1982లో చూపించారు. పట్టుకొని, కొలిచి, అలాంటిదే మరొకటి తయారుచేసి పంపుదామంటే సగం సార్లు తప్పు దిశలో కొలుస్తాడు, అలా కొలిచిన ప్రతిసారీ ఆ ఫోటాన్‌ను చెడగొడతాడు. పంపినవారి దిశ, కొలిచినవారి దిశ కలిసిన తనిఖీలలో నాలుగింట ఒక వంతు తప్పులు పడతాయి. అలాంటి యాభై తనిఖీల నుంచి వాడు ఒక్క తప్పూ పడకుండా తప్పించుకునే అవకాశం సుమారు పదిహేడున్నర లక్షలలో ఒక వంతు. కాగితం మీద ఇంతకన్నా గట్టి రక్షణ కోరుకోలేం.

అయితే ఈ లెక్క అత్యాశపరుడైన దొంగకు వర్తించేది. తెలివైనవాడు అన్ని ఫోటాన్ల జోలికీ పోడు. నిజమైన తీగలో, నిజమైన పరికరాలలో దొంగ లేకపోయినా కొన్ని తప్పులు వస్తూనే ఉంటాయి కనుక హద్దును సున్నా దగ్గర పెట్టలేం. రెండు శాతమో మూడు శాతమో అని పెట్టుకోవాలి. ఆ హద్దు చాటున పది ఫోటాన్లలో ఒకదాన్ని మాత్రమే తాకుతూ కూర్చున్నవాడు తనిఖీలో బయటపడడు. కీ పంచుకునే పద్ధతిలో దీనికి మందు ఉంది. వాడికి ఎంత తెలిసి ఉండవచ్చో తప్పుల శాతం నుంచి పైఅంచనా వేసి, కీని ఆ మేరకు నలగ్గొట్టి పొట్టిగా చేస్తారు. మిగిలినదాని గురించి వాడికి తెలిసేది దాదాపు శూన్యం. ఇదంతా కీని వాడకముందే, తీరిగ్గా జరుగుతుంది. సందేశాన్ని అలా పంపిన తర్వాత నలగ్గొట్టలేం. ఆ పని పంపకముందే చేసి ఉండాలి.

ఇక ఫోటాన్ల నష్టం. నేరు సంభాషణ కష్టాలలో సగం దీని నుంచే పుట్టాయి. మంచి ఆప్టికల్ ఫైబర్‌లో కిలోమీటరుకు 0.2 డెసిబెల్ చొప్పున వెలుతురు తగ్గుతుంది. వంద కిలోమీటర్లు వచ్చేసరికి వంద ఫోటాన్లలో ఒక్కటి మిగులుతుంది. డీఎల్04లో ఫోటాన్ రావాలి, పోవాలి. రెండు వందల కిలోమీటర్ల ప్రయాణం పూర్తయ్యేసరికి పది వేలలో ఒకటి. మామూలు ఇంటర్నెట్‌లో దారిలో యాంప్లిఫయర్ పెట్టి వెలుతురును పెంచుకోవచ్చు; ఇక్కడ నకలు కుదరదన్న సూత్రమే దొంగతో పాటు యాంప్లిఫయర్‌నూ అడ్డుకుంటుంది. పైగా కిలోమీటరుకు 0.2 అన్నది ప్రయోగశాలలో చుట్టగా పెట్టిన కొత్త ఫైబర్ మాట. రోడ్డు పనుల్లో జేసీబీ తవ్వి తీగ తెగిన ప్రతిసారీ ఒక అతుకు పడుతుంది. ఆ అతుకు పని ఒకసారి దగ్గరుండి చూశాను. రోడ్డు పక్కన టార్పాలిన్ నీడలో కూర్చొని, వెంట్రుక మందం గాజు దారాల కొసలను స్ప్లైసింగ్ యంత్రంలో ఎదురెదురుగా పెడితే, చిన్న మెరుపుతో అవి కరిగి అతుక్కుంటాయి. ఎంత వెలుతురు పోయిందో తెర మీద డెసిబెల్‌లో వందో వంతులలో కనిపిస్తుంది. అతుకు వేసిన కుర్రవాడు దారాన్ని వేలికి చుట్టి, "గిట్ల జర వంచితే చాలు సార్, లైట్ బయటికొస్తది, అవతలోళ్లకు ఎర్కనే ఉండది" అన్నాడు. తీగను తెంచకుండా దొంగచాటుగా వినడానికి వాడే కిటుకు కూడా అచ్చం అదే.

అతను చెప్పినదానిలో అసలు సమస్య మొత్తం ఉంది. సాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టు రైతుకు నీరు తగ్గిందంటే, దారిలో ఇంకిపోయిందో, పైన ఎవరో మోటారు పెట్టి తోడుకున్నారో తన గట్టు మీద నిలబడి చెప్పలేడు. ఫోటాన్ రాలేదంటే కూడా ఇంతే. కీ పంచుకునే పద్ధతిలో రాని ఫోటాన్‌తో బాధ లేదు, అది కీలో చేరదు అంతే. సందేశంలో రాని ఫోటాన్ అంటే రాని అక్షరం. జంట ఫోటాన్లతో బోస్ట్రోమ్, ఫెల్బింగర్ 2002లో ప్రతిపాదించిన పింగ్‌పాంగ్ పద్ధతి ఇక్కడే దెబ్బ తిన్నది. దారిలో నలభై శాతానికి మించి ఫోటాన్లు పోయే తీగ మీద ఆ పద్ధతి భద్రం కాదని, ఆ నష్టం చాటునే దొంగ వినగలడని పోలండ్ శాస్త్రవేత్త వూయ్‌చిక్ మరుసటి ఏడాదే చూపించాడు. నలభై శాతం నష్టం అంటే పట్టుమని పదకొండు కిలోమీటర్ల ఫైబర్. ఒక్క ఏడాదిలో "భద్రం" అన్నది "పదకొండు కిలోమీటర్ల లోపు భద్రం" అయింది. ఈ రంగంలో ప్రతి ప్రకటననూ ఆ అనుభవం గుర్తుంచుకొనే చదవాలి.

డీఎల్04 అంత తేలిగ్గా లొంగదు, ఎందుకంటే ఫోటాన్లను గుంపుగా పంపి, గుంపులో కొన్నింటిని తనిఖీ చేశాకే సందేశం ఎక్కిస్తుంది. కానీ పది వేలలో తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది పోయే దారిలో ఒక అక్షరాన్ని చేర్చాలంటే, ఆ అక్షరాన్ని వేల ఫోటాన్లకు పంచి, ఏ కొన్ని చేరినా మళ్లీ కూర్చుకోగలిగేలా కోడ్ రాయాలి. ఇలా పంచినప్పుడు, ఆ వేలల్లో ఏ కొన్నింటి మీదైనా నిజంగా ఏముందో తెలుసుకోగలిగిన దొంగకు కూడా అదే కోడ్ సాయపడుతుంది. ఈ పేచీని విడదీసే గణితాన్ని ఆరన్ వైనర్ 1975లోనే, క్వాంటమ్ ఊసు లేకుండా, పొంచి వినే వాడున్న మామూలు లైన్ల కోసం రాశాడు. అసలైన గ్రహీతకు అందే సమాచారం దొంగకు అందేదానికన్నా ఎక్కువైతే, ఆ తేడా మేరకు మాత్రం పూర్తి రహస్యంగా పంపవచ్చు. సందేశంలో తగినంత అర్థరహితమైన యాదృచ్ఛిక సంఖ్యలను కలిపితే దొంగ వాటాకు ఆ చెత్తే వస్తుంది. గత కొన్నేళ్లలో నేరు సంభాషణ మీద వచ్చిన మంచి భద్రతా విశ్లేషణలన్నీ ఈ తేడాను లెక్కగట్టేవే. ఈ రంగానికి నిజమైన పునాది ఇదేనని నా అభిప్రాయం. క్వాంటమ్ సూత్రం చేసే పని, దొంగ వాటా ఎంతకు మించదో తప్పుల శాతం నుంచి హామీ ఇవ్వడం. మామూలు లైనులో ఆ హామీ ఇచ్చేవారు లేరు.

అయితే ఆ హామీ తనిఖీ ముగిశాకే చేతికి వస్తుంది. అంతవరకు ఫోటాన్లను నల్లగొండలో ఎక్కడో ఆపి ఉంచాలి. ఇక్కడ లెక్క కాస్త నెమ్మదిగా చూడటం మంచిది. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే హైదరాబాదుకు అర మిల్లీసెకను. ఫోటాన్లు చేరాయి, ఫలానావి కొలిచాం అని ఇక్కడి నుంచి చెప్పడానికి అర మిల్లీసెకను, సరిచూసి కానివ్వండి అని అక్కడి నుంచి జవాబు రావడానికి మరో అర మిల్లీసెకను. యంత్రాలు ఆలోచించే సమయం కలపకుండానే ఒక మిల్లీసెకను. అంతసేపు ఫోటాన్లను ఫైబర్ చుట్టలో తిప్పుతూ ఉంచుదామంటే రెండు వందల కిలోమీటర్ల చుట్ట కావాలి, అందులోనే మళ్లీ పది వేలలో ఒకటి మిగులుతుంది. దారి నష్టానికి ఈ నష్టం తోడైతే ఇక పంపడానికి ఏమీ ఉండదు. వెలుతురును పరమాణువులలోనో, ప్రత్యేక స్ఫటికాలలోనో భద్రపరిచి అడిగినప్పుడు తిరిగి ఇచ్చే క్వాంటమ్ మెమొరీ దీనికి అసలు పరిష్కారం. అలాంటి మెమొరీ వాడి 2017లో చైనా బృందం ఒకటి జంట ఫోటాన్లతో నేరు సంభాషణ చేసి చూపింది. కానీ అది ప్రయోగశాల బల్ల మీది ఘనత. జిల్లా కేంద్రంలో రాక్‌లో బిగించి కరెంటు ఇస్తే పనిచేసే వస్తువు కాదు.

మెమొరీ లేకుండా గడుపుకునే ఉపాయం కూడా 2020 నాటికి వచ్చింది. ముందటి విడతలో భద్రంగా చేరిన బిట్ల నుంచి ఇరువైపులా ఒక రహస్య సంఖ్యను తీసి, ఆ సంఖ్యతో తర్వాతి విడత సందేశానికి తాళం వేసి పంపుతారు. తనిఖీ ఫలితం ఆలస్యంగా వచ్చినా దొంగ చేతికి చిక్కేది తాళం వేసిన సందేశమే కనుక నష్టం లేదు. ఉపాయం చక్కనిది, భద్రత దృష్ట్యా సరైనది. కాకపోతే ముందు కీ, తర్వాత దానితో తాళం అన్న బెంగళూరు పద్ధతే పెరటి గుమ్మం నుంచి లోపలికి వచ్చినట్టయింది. ఒకే ఫోటాన్ల ప్రవాహం రెండు పనులూ చేస్తుందని దీని సమర్థకులు చెబుతారు, అది నిజం. కానీ కీ అక్కరలేదు అన్న మాటతో అమ్మదగిన వస్తువు మాత్రం ఇది కాదు. ఈ తేడాను కొనేవారికి చెప్పని అమ్మకందారు మీద నాకు అనుమానం కలుగుతుంది.

పరికరాల లోపాలను ఇక్కడ క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే అవి చాలావరకు కీ పంపిణీకీ ఉన్నవే. నిజానికి ఒంటరి ఫోటాన్లను కోరినప్పుడల్లా ఇచ్చే యంత్రాలు అరుదు; లేజర్ వెలుతురును బాగా తగ్గించి సగటున పది స్పందనలకు, అంటే పది చిన్న మెరుపులకు, ఒక ఫోటాన్ వచ్చేలా చేస్తారు. అప్పుడు ఖాళీ కాని స్పందనలలో దాదాపు ఐదు శాతం వాటిలో రెండో, అంతకుమించో ఉంటాయి. కీ పంపిణీలో దీనికి విరుగుడుగా రకరకాల తీవ్రతల ఉత్తుత్తి స్పందనలను కలిపి పంపుతారు. ఇక్కడా అదే పనికొస్తుంది. కానీ రాకపోకల పద్ధతిలో ఈ లోపం మరింత పదునెక్కుతుంది. వచ్చే దారిలో అలా రెండు వచ్చిన స్పందనలోంచి ఒక ఫోటాన్‌ను దాచుకొని, వెళ్లే దారిలో రెండోదాన్ని పట్టుకొని, రెండింటినీ కలిపి కొలిస్తే, తొలి దిశ ఏమిటో తెలియకపోయినా దానిని తిప్పారా లేదా అన్నది సగం సందర్భాలలో ఖచ్చితంగా తేలిపోతుంది. వాడికి కావలసింది తొలి దిశ కాదు, రెండింటి మధ్య తేడా. అంతకన్నా మొరటు దారి ఇంకొకటి ఉంది. నల్లగొండ పెట్టె బయటి నుంచి వచ్చే వెలుతురును తీసుకొని, తిప్పి, వెనక్కి పంపడానికే కట్టింది కనుక, దొంగ తన సొంత వెలుతురును అందులోకి పంపి, అది తిరిగొస్తే చదువుకోవచ్చు. కీ పంపిణీ పెట్టెలో వెలుతురును ఒకవైపే పోనిచ్చే పరికరం బిగించి ఈ తలుపు మూయవచ్చు. ఇక్కడ తలుపు తెరిచి ఉండటమే పద్ధతి. వడకట్టే ఫిల్టర్లు, వచ్చే వెలుతురులో కొంత పక్కకు తీసి కొలిచే ఏర్పాట్లు తప్పనిసరి, అవి ఎంత గట్టివో ఎవరైనా బయటివారు పరీక్షించి ఉండాలి. బజారులో అమ్ముతున్న క్వాంటమ్ పెట్టెల డిటెక్టర్లను బలమైన వెలుతురుతో గుడ్డివి చేసి తమ చెప్పుచేతల్లో పెట్టుకోవచ్చని 2010లో లిడర్సన్, మకరోవ్ బృందం చూపించింది.

వేగం మాటకొస్తే, ఈ రంగంలో సాధించినది తక్కువేమీ కాదు, కానీ దానిని మన అక్షరాలలో కొలిస్తే స్థాయి తెలుస్తుంది. 2016లో చైనాలోని షాంసీ విశ్వవిద్యాలయం, చింగ్‌హువా పరిశోధకులు ఒంటరి ఫోటాన్లతో తొలి ప్రయోగం చేశారు. 2019లో ఒకటిన్నర కిలోమీటరు ఫైబర్ మీద సెకనుకు 50 బిట్ల వేగం సాధించారు. 2022లో 102.2 కిలోమీటర్లకు చేరారు. అక్కడ వేగం సెకనుకు 0.54 బిట్లు. కంప్యూటర్లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, అంటే 24 బిట్లు పడుతుంది. "నల్లగొండ" అన్న మాటలో వత్తును, ఒత్వాన్ని, సున్నాను విడివిడిగా లెక్కిస్తే ఎనిమిది గుర్తులు, 192 బిట్లు. ఒకటిన్నర కిలోమీటరుకు అది నాలుగు సెకన్లలో వెళ్తుంది. వంద కిలోమీటర్లకు సుమారు ఆరు నిమిషాలు పడుతుంది. ఆ యంత్రం సెకనుకు ఐదు కోట్ల స్పందనలతో నడిచిందని, అందుబాటులో ఉన్న భాగాలతోనే వంద కోట్లకు పెంచవచ్చని వారు చెబుతున్నారు. ఆ లెక్కన ఆరు నిమిషాలు పద్దెనిమిది సెకన్లవుతాయి. తప్పుల శాతాన్ని 0.1 కన్నా కిందికి దించడం ఆ ప్రయోగంలో దూరం కన్నా నాకు ఎక్కువ ముఖ్యంగా కనిపిస్తోంది, ఎందుకంటే దొంగ దాక్కునే జాగా అంత ఇరుకవుతుంది.

ఇంతకీ మన దగ్గర ఇది ఎవరికి కావాలి? దామరచర్లలోని 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్ కేంద్రానికి వెళ్లే ఆదేశాలకైనా, సాగర్ డ్యాం గేట్ల సమాచారానికైనా గుట్టుకన్నా ముందు కావలసింది అది నిజంగా అధికారి నుంచే వచ్చిందన్న ధీమా. క్వాంటమ్ లైను తనంతట తాను ఆ ధీమా ఇవ్వలేదు. తనిఖీ సమయంలో ఫోను మీద మాట్లాడేది అసలు హైదరాబాదేనని నమ్మడానికి ఇరువైపులా ముందే పంచుకున్న చిన్న రహస్యమో, డిజిటల్ సంతకమో ఉండాలి. లేకపోతే మధ్యలో కూర్చున్నవాడు అటు నల్లగొండగా, ఇటు హైదరాబాదుగా నటించి మొత్తం తానే చదువుకుంటాడు. మన ఊళ్లలో పాసు పుస్తకంలో విస్తీర్ణం తప్పు పడి రైతులు తిరిగిన తిరుగుడుకు గాని, పరీక్ష పత్రాలు ముందే బయటికొచ్చి అభ్యర్థులు ఏడ్చిన ఏడుపుకు గాని తీగ మీద పొంచి విన్నవాడు కారణం కాదు. రాసిన చేయో, తాళాలున్న చేయో కారణం. ఆ చేతులకు క్వాంటమ్ సూత్రాలు వర్తించవు.

పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ వస్తే ఇప్పటి తాళాలు ఊడిపోతాయన్న భయం మాత్రం కొట్టిపారేయదగినది కాదు. పీటర్ షోర్ 1994లోనే ఆ దారి చూపాడు. ఇవాళ పట్టి దాచుకున్న సమాచారాన్ని రేపు విప్పుకోవచ్చు కనుక, దశాబ్దాలపాటు గుట్టుగా ఉండవలసినదాని విషయంలో ఆలస్యం పనికిరాదు. దానికి అందుబాటులో ఉన్న మందు, క్వాంటమ్ కంప్యూటర్‌కు కూడా కొరుకుడుపడవని భావిస్తున్న కొత్త గణిత తాళాలు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టు 13న అలాంటి మూడు ప్రమాణాలను విడుదల చేసింది. ఉన్న ఫైబర్ మీదే, ఉన్న కంప్యూటర్లలోనే సాఫ్ట్‌వేర్ మార్పుతో అవి పనిచేస్తాయి. క్వాంటమ్ కీ పంపిణీ కన్నా ముందు వీటినే చేపట్టమని అమెరికా, బ్రిటన్ భద్రతా సంస్థలు చెబుతున్నాయి. వాటి బలం నిరూపణ కాలేదని, రేపు ఎవరో గణితజ్ఞుడు విప్పవచ్చని క్వాంటమ్ పక్షంవారు చేసే ఆక్షేపణ న్యాయమైనదే. అయినా జిల్లా స్థాయిలో ఒక రూపాయి ఖర్చు పెట్టాల్సి వస్తే ముందుగా అటే పెట్టాలని నేను చెబుతాను.

దాని అర్థం నేరు సంభాషణను పక్కన పెట్టమని కాదు. వంద కిలోమీటర్ల ఆడంబరం మానుకొని ఇరవై కిలోమీటర్ల దగ్గర నిజాయితీగా పరీక్షిస్తే ఇది మన విశ్వవిద్యాలయాలు చేయదగిన పని. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి దాకా, అతుకులతో, వంపులతో, ఎండకు వేడెక్కే మ్యాన్‌హోళ్లతో భూమిలో ఇప్పటికే ఉన్న ఫైబర్‌లో ఒక ఖాళీ దారం తీసుకోవచ్చు. క్వాంటమ్ మిషన్ కింద సంభాషణ విభాగానికి ఐఐటీ మద్రాసు, కేంద్ర టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ కలిసి కేంద్రంగా ఉన్నాయి. వాటి సహాయంతో మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర విద్యార్థులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టు సందేశం పంపితే, రెండో జట్టు దారిలో ఎక్కడైనా, ఏ పరికరంతోనైనా దాడి చేసుకోవడానికి ముందే రాతపూర్వక అనుమతి ఇవ్వాలి. సగటు వేగం, సగటు తప్పుల శాతం అందరూ ప్రకటిస్తూనే ఉన్నారు. ఆ ప్రయోగం నుంచి నాకు కావలసినది వేరే అంకె: దాడి మొదలైన క్షణం నుంచి తనిఖీ గంట మోగేవరకు రెండో జట్టు చేతికి చిక్కిన సందేశం బిట్లు ఎన్ని, వాటిలో అర్థమయ్యేవి ఎన్ని.